ఊరు పెంచిన ఆచార్యుడు

ధర్మాన్ని తాను ఆచరించి, నలుగురిచేత ఆచరింపజేయవలసినవాడు ఎలా తయారవుతాడు? ఈ ప్రశ్న పీఠాలకో, మఠాలకో మాత్రమే చెందినది కాదు. ఊరి గుడిలో దీపం పెట్టే అర్చకుడు, ఇంటికి వచ్చి వ్రతం చేయించే పురోహితుడు, అరుగు మీద కూర్చుండి పిల్లవానికి వేదం చెప్పే గురువు, పండుగనాడు పదిమందిని ఒక్కచోట చేర్చే పెద్ద - వీరందరూ తమ తమ మేరకు నాయకులే. వీరు చెప్పిన ముహూర్తానికి పెళ్లిళ్లు జరుగుతాయి. వీరు అన్న మాటతో తగవులు తీరుతాయి. అట్టివాడు చదువుచేత తయారవుతాడని కొందరు, జపతపాలచేత తయారవుతాడని కొందరు అంటారు. రెండూ కావలసినవే. ఆ రెండింటికీ అన్నం పెట్టే మూడవదొకటి ఉన్నది. అది ఊరు. దానిని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాము.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఆచార్యుడు హోమం చేస్తూ ఒక ప్రార్థన చేస్తాడు. నీరు పల్లానికి పారినట్లు, మాసాలు సంవత్సరంలో కలిసినట్లు, బ్రహ్మచారులు అన్ని దిక్కులనుంచీ తన వద్దకు రావాలని కోరుకుంటాడు. శిష్యుడు గురువును వెతుక్కుంటూ పోవడం మనకు తెలిసిన కథే. గురువే శిష్యుని కోసం హోమం చేయడం ఇక్కడి విశేషం.

అదే వల్లి పదకొండవ అనువాకంలో, చదువు ముగించి ఇంటికి పోతున్న శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉన్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా చూడమన్న మాట అందరి నోటా ఉన్నదే. దాని చేరువలోనే ఉన్న రెండు మాటలను మాత్రం అంతగా పట్టించుకోము. మొదటిది: తమ నడవడిలో మంచివేవో వాటినే అనుసరించమని, తక్కినవాటిని విడిచిపెట్టమని ఆచార్యుడు తానే శిష్యునితో చెబుతాడు. పన్నెండేళ్లు కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకున్న శిష్యునితో ఇంతమాట అనగలిగిన గురువు ఎంత నిబ్బరం కలవాడై ఉండాలి! రెండవది: కర్మ విషయంలోగాని, నడవడి విషయంలోగాని సందేహం కలిగితే, ఆ చోట ఉన్న విజ్ఞులు - ఆలోచన కలవారు, ఒకరి ఒత్తిడికి లొంగనివారు, కరకుదనం లేనివారు, ధర్మమే కోరేవారు - ఎలా నడుచుకుంటారో చూసి అలా నడుచుకోమంటాడు. తిరిగి వచ్చి తననే అడగమనలేదు. గ్రంథం తిరగవేయమని కూడా అనలేదు. నీ చుట్టూ ఉన్న మంచివారిని చూడమన్నాడు.

ఆ నాలుగు లక్షణాలలో కరకుదనం లేకపోవడాన్ని చేర్చడం గమనింపదగినది. పాండిత్యం పెరిగిన కొద్దీ మాట గరుకెక్కడం లోకంలో చూస్తూనే ఉన్నాము. దానికి మందు గ్రంథంలో దొరకదు. నలుగురి మధ్య మసలుతూ ఉంటేనే ఆ గరుకు అరుగుతుంది.

సంత, వల్లె

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ పాయ చీల్చిన ఈ దీవిసీమలో వేదం ఎలా నిలిచిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వ్యాఘ్రేశ్వరం, నేదునూరు, ముక్కామల, గంగలకుర్రు అగ్రహారం వంటి ఊళ్లలో ప్రధానంగా నిలిచినది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయశాఖ, ఆపస్తంబసూత్రం. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10 - మొత్తం 82 ప్రశ్నలు. వీటినే మనవైపు పన్నాలు అంటారు. ‘ఎనభైరెండు పన్నాలూ వచ్చినవాడు’ అంటే ఆ శాఖను మూలం మొత్తం కంఠస్థం చేసినవాడని అర్థం. ఏడెనిమిదేళ్ల ప్రాయంలో మొదలుపెట్టిన పిల్లవానికి మూలం పూర్తి కావడానికే ఎనిమిదేళ్లు పట్టవచ్చు. ఆపైన పదం, క్రమం, జట, ఘన.

ఘన అంటే ఏమిటో తెలియనివారికోసం ఒక ముక్క. మూడు పదాలున్నాయనుకోండి. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఆ తరువాత రెండవ పదంతో మొదలుపెట్టి మళ్లీ అదే వరుస. సంహిత పొడవునా ఇలా ముందుకూ వెనక్కూ నడవాలి. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం ఎక్కడా తప్పకూడదు. స్వరం తప్పినందువల్ల త్వష్ట కోరిన కోరిక తలక్రిందులై, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే చచ్చిన కథ మన తైత్తిరీయంలోనే ఉన్నది. ఒక అక్షరం జారితే పక్క పదం పట్టి ఇచ్చేటట్లు మన పూర్వులు ఈ అల్లిక అల్లారు. తాటాకు చెదలు తింటుంది, కాగితం తడుస్తుంది. గోదావరి వరదలు ఎన్ని వచ్చినా ఈ అల్లిక తడవలేదు. ఈ వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి వారసత్వంగా ప్రకటించి, 2008లో తన ప్రతినిధి జాబితాలో చేర్చింది.

గురువు ఒకసారి చెప్పడం, శిష్యులు అనడం సంత. దానిని పదేపదే తిప్పడం వల్లె. సంత గురువుగారి అరుగు మీద. వల్లె చెరువుగట్టు మీద, కొబ్బరితోటలో, వారాల ఇంటికి పోయే దారిలో. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలలో కొత్త పాఠం లేదు. సుందరకాండలో సీతమ్మ కృశించిన తీరును చెబుతూ హనుమ, పాడ్యమినాడు చదివేవాని విద్యతో పోలుస్తాడు. ఆ రోజుల్లో చదివిన చదువు అలా చిక్కిపోతుందట! విద్యార్థులకు మాత్రం అనధ్యయనమంటే ఈతకు పోయే రోజు.

విద్యకు సంబంధించిన సాధన ఇంతవరకు. అయితే ఇలా ఘన వరకు చదివిన ప్రతివాడూ ఆచార్యుడైనాడా? కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే విద్యార్థి అన్నం తిన్న ఇళ్లలోకి పోవాలి.

ఏడు ఇళ్లు

బీద విద్యార్థికి వారానికి ఏడు ఇళ్లు కుదిరేవి. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం ఒక ఇల్లు. దానినే వారాలు చేసుకోవడం అనేవారు. 1970 దశకంలో ఒక అగ్రహారంలో నేను వేదం చదువుకుంటున్నప్పుడు నాకు అయిదు ఇళ్లే కుదిరాయి. తక్కిన రెండు రోజులు గురువుగారింట్లోనే. ఏడు ఇళ్లంటే ఏడు రుచులే కాదు, ఏడు స్వభావాలు. ఒక ఇంట్లో వడ్డన ముందు, మాట తరువాత. మరొక ఇంట్లో మాట పూర్తయితేగాని విస్తరి పడదు. ఒక ఇంట్లో పంట పోయిన సంవత్సరం పప్పులో నీళ్లు ఎక్కువయ్యేవి. ఆ ఇల్లాలి మొహం చూస్తే అడగకుండానే సంగతి తెలిసేది. మరునాడు గుడిలో ఆ ఇంటి గోత్రనామాలు చెప్పేటప్పుడు పిల్లవాని నోట ఆ పేర్లు వేరుగా పలికేవి. ఏ పాఠశాల పాఠ్యక్రమంలో ఈ పాఠం చేర్చగలరు?

మా మంగళవారపు ఇంట్లో ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడ భర్త, మామగారు, ఆయన తండ్రి వేదవిదులు. ఆవిడ ఎన్నడూ సంత చెప్పుకోలేదు. కానీ అరవై ఏళ్లు వంటింట్లోనుంచి వింటూ ఉన్నారు. నేను విస్తరి ముందు కూర్చుండి చిన్నగా వల్లె వేసుకుంటుంటే, ‘‘ఏమిరా అబ్బాయీ, ఆ చోట మీ గురువుగారు గొంతు దించుతారే, నువ్వు ఎత్తేశావేం?’’ అనేవారు. ఆవిడకు అక్కడి అర్థం తెలియకపోవచ్చు. తప్పు మాత్రం తెలిసేది. ఆవిడ చెవి ముందు తప్పకుండా చెప్పిన వేదాన్ని తరువాత ఎంత పెద్ద సభలోనైనా జంకు లేకుండా చెప్పగలిగేవాళ్లము.

ఊరు దిద్దే తీరు ఇంకొకటి కూడా చెప్పాలి. మా చిన్ననాట ఒక పెళ్లిలో ఘనస్వస్తి జరుగుతున్నది. వృద్ధులైన ఒక వేదమూర్తి వయసు మీదపడి ఒక పదం జారవిడిచారు. పక్కనే ఉన్న యువ ఘనపాఠి ఆ తప్పును సభ అంతటికీ వినిపించేలా ఎత్తిచూపి చిన్నగా నవ్వాడు. అతడు చెప్పింది సరియైనదే. ఎవరూ కాదనలేదు. గృహస్థు ఇద్దరికీ సమానంగానే సంభావన ఇచ్చి సాగనంపాడు. ఆ తరువాత దాదాపు సంవత్సరంపాటు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఏ శుభకార్యానికీ ఆ యువకునికి పిలుపు రాలేదు. ఎవరూ తిట్టలేదు, తగవు పెట్టలేదు. పిలవలేదు, అంతే. ఒకనాడు అతడు తానే పోయి ఆ వృద్ధుని అరుగు మీద కూర్చుండి తనకు రాని ఒక భాగానికి పాఠం అడిగాడు. మరుసటి వైశాఖంలో పిలుపులు వచ్చాయి. తరువాతి రోజుల్లో అతడు ఎందరికో గురువైనాడు. వృద్ధులు తడబడిన చోట తన గొంతు కొంచెం పెంచి వారి తప్పును కప్పివేసే నేర్పు ఆయనలో చూశాను. శీక్షావల్లి చెప్పిన ‘కరకుదనం లేనివాడు’ అలా తయారైనాడు.

వారాల పద్ధతి తిరిగి రావాలని నేననను. అందులో ఆకలి ఉండేది, అవమానం ఉండేది. చల్లారిన అన్నం పెట్టి పది పనులు చెప్పిన ఇళ్లూ లేకపోలేదు. ఆ ఇళ్ల గుమ్మాలు ఊరిలోని పిల్లలందరికీ తెరుచుకోలేదన్నదీ నిజమే. ఆ కష్టం పోవడం మంచిదే. దానితోపాటు పోయిన మంచి ఏదో తెలుసుకోవాలన్నదే నా మాట.

గన్నవరంలో ఒక ఇల్లాలు

ఆధ్యాత్మిక నాయకత్వం వేదం చదివినవారికే పరిమితం కాదని చెప్పడానికి కోనసీమ దూరం పోనవసరం లేదు. వైనతేయ ఒడ్డున లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారట. అందుకే ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలుచుకునేవారని చెబుతారు. గన్నవరం నుంచి పోతూ ఆ ఇంట ఆతిథ్యం తీసుకున్న డొక్కా జోగన్నగారు ఆమెను వివాహమాడారు. ఆనాడు లంకలలో నది దాటి పోయేవారికి గన్నవరం ఒక మజిలీ. ఆ ఇంటి పొయ్యి వేళ చూసుకోలేదు. వచ్చినవాని కులం అడగలేదు.

ఆమె కథలలో ఒకటి కోనసీమలో ప్రతి ఇంటా చెప్పుకునేదే. అంతర్వేది నృసింహస్వామి దర్శనానికని చాలాకాలం తరువాత ప్రయాణమయ్యారు. దారిలో విశ్రాంతిగా ఆగినచోట, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు ఓదారుస్తున్నారు - ఇంకాసేపట్లో గన్నవరం చేరుతాము, సీతమ్మగారింట్లో అన్నం తిందాము అని. ఆ మాట చెవిన పడగానే ఆమె వెనక్కు మళ్లారు, వారికంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. స్వామి దర్శనం ఏమైనదని అడిగేవారికి ఈ కథ విన్న మన పెద్దలు నవ్వి ఊరుకునేవారు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వచ్చినా ఆమె ఇల్లు కదలలేదని చెబుతారు. 1909లో ఆమె పరమపదించారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీది అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆమెకు పీఠం లేదు, బిరుదు లేదు. తండ్రి ఇంట చూసినదానిని అత్తవారింట కొనసాగించారు. ఆ ఇంటి అన్నం తిన్నవారు ఆమెను అపర అన్నపూర్ణగా నిలబెట్టారు.

పొరుగువారి పాఠం

ఈ ప్రశ్న మనకు మాత్రమే ఎదురైనది కాదు. మన సీమలో క్రైస్తవ కుటుంబాలూ మన పక్కనే ఉన్నాయి. వసిష్ఠకు ఆవలిగట్టున నరసాపురంలో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీల కుటుంబాలు 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి స్థిరపడ్డాయి. బోధకులకు విద్య చెప్పే ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో మన రాజమహేంద్రవరంలోనే ఆరంభమై, తరువాత హైదరాబాదుకు తరలింది. బయటి దేశంనుంచి వచ్చిన బోధకుని స్థానంలో ఊరివాడైన నాయకుడు ఎలా తయారవుతాడు, అతనిని ఎవరు పోషిస్తారు అన్నది వారికి నూరేళ్ల క్రిందటే పెద్ద ప్రశ్న అయింది.

దానికి గట్టిగా సమాధానం వెతికినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు. 1909లో దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో తిరిగాడు. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు కావలసింది స్నేహితులు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాట ఆ సభలో కొందరికి గుచ్చుకున్నది.

దోర్నకల్లులో ఆయన పల్లె ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ చదువు చెప్పించాడు. ఊరిలో ఆ దంపతుల సంసారమే బోధ అవుతుందని ఆయన ఎరుగును. పల్లె సంఘం తన బోధకుని తానే పోషించుకోవాలని పట్టుబట్టాడు. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఇల్లాలు వంటకు బియ్యం పోసేముందు ఒక పిడికెడు వేరుగా తీసిపెట్టే అలవాటు మనకూ తెలిసినదే. ఆ పిడికెడు బియ్యం తిన్న బోధకుడు ఆ ఇంటివాని కష్టం మరచిపోలేడు. మతం వేరు, మార్గం వేరు. అయినా వారు పిడికెడు బియ్యంలో చూసినది మన పెద్దలు మధుకరంలో చూసినదే.

భార్యలకు శిక్షణ అన్న మాట దగ్గర మన సంగతి ఒకటి చెప్పాలి. అగ్నిహోత్రానికి పత్ని ఉండితీరాలి. అగ్న్యాధానం చేసిన ఆహితాగ్ని ఇంట అగ్నులు దంపతులిద్దరివీ. కోనసీమలో అటువంటి కుటుంబాలను అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ దాదాపు ముప్ఫయి అయిదేళ్లపాటు కలుసుకుంటూ, పది కుటుంబాల నాలుగు తరాల కథను 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అనే గ్రంథంగా వెలువరించాడు. అందులో పండితులతోపాటు వారి ఇల్లాండ్రూ మాట్లాడుతారు. మన పొరుగు వీధివారి జీవితం మనకు తెలియడానికి ఆక్స్‌ఫర్డు ముద్రణాలయం పూనుకోవలసి వచ్చింది!

ఇప్పటి లోటు

వేదవిద్యకు ఇప్పుడు డబ్బు అసలే లేదనడం సరికాదు. 1987లో ఏర్పడిన సాందీపని రాష్ట్రీయ వేదవిద్యా ప్రతిష్ఠానం, తిరుమల తిరుపతి దేవస్థానాల వేదపారాయణ పథకం, 2006లో తిరుపతిలో వెలసిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం ఎందరినో నిలబెట్టాయి. అర్చకుల సంగతి కొంత వేరు. 1987 నాటి 30వ చట్టం వంశపారంపర్య అర్చకత్వ హక్కును తొలగించింది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2007లో చట్టానికి సవరణ జరిగి కొంత ఊరట కలిగింది. ధూపదీప నైవేద్యాలకు చిన్న గుడులకిచ్చే నెలసరి మొత్తాన్ని 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచుతామని, వేదం చదివి పనిలేని యువకులకు నెలకు 3,000 రూపాయలు ఇస్తామని 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే.

లోటు మరొకచోట ఉన్నది. నేటి విద్యార్థి పాఠశాల వసతిగృహంలో కడుపునిండా తింటాడు, మంచి గురువులవద్ద చదువుతాడు, పరీక్షలో పట్టా పొందుతాడు. పరీక్షాధికారి ఏ పన్నంలో ఏ వాక్యం ఎత్తుకున్నా అక్కడినుంచి గడగడా చెప్పగలడు. అయితే పాఠశాల గోడకు ఆవల ఉన్న ఊరిలో అతనికి తెలిసిన ఇల్లు ఒక్కటి ఉండదు. అతని గొంతు విని పెరిగిన మామ్మగారు ఎవరూ లేరు. చదువు కాగానే హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాలోని ఒక దేవాలయానికో పోతాడు. అక్కడ ఫోనులో పిలిచినవారి ఇంటికి పోయి, గంటన్నరలో పని ముగించి, మరొక ఇంటికి పరుగెత్తుతాడు. అతనిని నేను తప్పు పట్టను. సంసారం గడవాలి. కానీ ఆ ఇంటివారి అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదని, ఆ పెద్దాయన నిద్రపోక నెల అయిందని అతనికి ఎలా తెలుస్తుంది? వారు తమ కష్టం అతనితో ఎందుకు చెప్పుకుంటారు? మంత్రం చెప్పేవాడు ఉన్నాడు. ఊరికి పెద్దదిక్కు లేడు.

ఇంకొక కష్టం ఉన్నది. వేదం చదివినవానికి పిల్లనివ్వడానికి మన కుటుంబాలే వెనుకాడుతున్నాయి. అర్చకుని వివాహమాడే అమ్మాయికి 3 లక్షల రూపాయల సాయం చేస్తామని తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించండి. పండుగకు వేదపండితుని పిలిచి కాళ్లు కడిగే ఇల్లే, అతని కొడుకు సంబంధం వస్తే జాతకం కుదరలేదంటుంది. వేదం నిలవాలని సభల్లో అనేవారు ఈ ఒక్క విషయం తమ ఇంట్లో మాట్లాడుకుంటే బాగుంటుంది. పత్ని లేనిదే అగ్ని లేదని పైన చెప్పుకున్నాము కదా!

ఊరనేది ఇక లేదు, అందరూ ఎవరికివారే అని నిట్టూర్చేవారు కనుమనాడు జగ్గన్నతోటకు రావాలి. పదకొండు ఊళ్లనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు కొబ్బరితోటలోకి చేరుతాయి. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువలో దిగి దాటుతాయి. వెదురుతో, రంగుల గుడ్డలతో కట్టిన ఆ ఎత్తయిన ప్రభను పీకలదాకా నీటిలో నిలబడినవారు భుజాన మోస్తారు. ఒక్క భుజం జారితే ప్రభ ఒరిగిపోతుంది. ముందు నడిచేవాడు గొంతెత్తి అరచే ‘శరభా! అశ్శరభా!’ అన్న పిలుపుకు అందరూ ఒక్క అడుగు వేస్తారు. అతడు అన్ని కులాలవారినీ కేకవేసి నడిపిస్తాడు. ఆ పిలుపునిచ్చే హక్కు అతనికి ఏ పట్టా ఇవ్వలేదు. చిన్ననాటినుంచి ఆ కాలువలో ఆ ప్రభ క్రింద భుజం పెట్టినవాడు గనుక తక్కినవారు అతని గొంతు వింటారు. ప్రభ పోయే దారిలో వరిచేను తొక్కుడుపడినా రైతు పల్లెత్తు మాట అనడు, రుద్రుడు నడిచిన చేను అంటాడు. ఈ ప్రభల తీర్థమే 2023 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది.

కనుమనాడు ఇంతటి బరువును మోసే ఊరు, ఒక విద్యార్థికి వారానికొక పూట అన్నం పెట్టలేదా? మా మండలంలో ఒక చిన్న పాఠశాల ఉన్నది. మూడేళ్లుగా అక్కడి గురువుగారు ఒక ఏర్పాటు చేశారు. ప్రతి అనధ్యయనంనాడు ఇద్దరేసి పిల్లలు ఊరిలో ఒక ఇంటికి భోజనానికి పోతారు. బ్రాహ్మణ ఇళ్లు అని లేదు. శుచిగా వండిపెట్టే ఇల్లు చాలు. భోజనం ముందు అక్కడ పది నిమిషాలు స్వస్తి చెబుతారు. మొదటి సంవత్సరం పిల్లలు తల వంచుకుని తిని వచ్చేవారు. ఇప్పుడు ఒక రైతు ఇంటి తాతగారు, పొలంలో కాలువనీరు రానప్పుడు ఆ పిల్లలనే పిలిచి వరుణజపం చేయమంటున్నారు. వాన సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్లలు ఏ చేనికి నీరు అందలేదో ఏ చేనికి అందిందో చెప్పగలుగుతున్నారు. పోయిన శ్రావణ పూర్ణిమనాడు ఉపాకర్మ ముగించి వారు వీధిలోకి వస్తే, అరుగుల మీదివారు పేరుపెట్టి పిలిచారు.

ఈ సంవత్సరం మీ ఊరిలోనో, మీ ఊరి దగ్గరనో వేదం చదివే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. పెళ్లికి, గృహప్రవేశానికి అతని గురువుగారిని పిలిచినప్పుడు అతనినీ రమ్మనండి. దక్షిణ ఇచ్చి పంపివేయకుండా కాసేపు కూర్చోబెట్టండి. ఇంట్లో పెద్దవారుంటే వారి ముందు ఒక పన్నం చెప్పించండి. తప్పు తెలియకపోయినా సరే వినండి. ఏ ఊరివాడు, తల్లి ఏం చేస్తుంది, ఇప్పుడు ఎన్నో పన్నంలో ఉన్నాడు అని అడగండి. మరుసటిసారి అతడు వచ్చినప్పుడు, ఆ పన్నం పూర్తయిందా అని గుర్తుపెట్టుకుని అడగండి.